దిగే బండి, ఎక్కే బండి

స్విట్జర్లాండ్ నుంచి ఇటలీలోకి దిగే కొండ రైలు. అందులో కొత్తవలస-కిరండూల్ ఘాట్‌లో ఏళ్ల తరబడి ఖనిజం బళ్లు దింపిన ఒక పాత డ్రైవర్.

సెయింట్ మోరిట్జ్ స్టేషన్‌లో అందరూ సరస్సునూ కొండలనూ ఫొటోలు తీసుకుంటున్నారు. ఆయన మాత్రం ప్లాట్‌ఫాం చివరికంటా నడిచి, ఎర్ర రైలు ముక్కు దగ్గర ఆగి, వంగి చక్రాల కేసి చూస్తున్నారు. వేళ్ల మీద ఏదో లెక్కపెడుతున్నారు. వెనక నుంచి కూతురు పిలుస్తోంది: ''నాన్నా, చలి. లోపలికి రా.'' ఆయన వినిపించుకోలేదు. నిజానికి వినబడలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఇంజన్ క్యాబ్‌లో హారన్లు, బ్లోయర్ల మధ్య గడిపిన చెవులవి. కుడిచెవి రిటైర్మెంటుకు ముందే సగం పోయింది.

''పన్నెండు ఇరుసులు. ఎనిమిదింటికి మోటార్లు'' అన్నారు చివరికి, తనలో తాను. ''కొండెక్కే బండికి అంతే ఉండాలి మరి.''

ఆయనకిప్పుడు డెబ్బై దాటింది. 1977లో రైల్వేలో చేరి, 2013లో విశాఖపట్నంలో రిటైరయ్యారు. ఆ మధ్య కాలంలో ఎక్కువ భాగం కొత్తవలస-కిరండూల్ లైన్లో గడిచింది. రైల్వే వాళ్ల నోట్లో కేకే లైన్. బస్తర్ అడవుల్లోని బైలదిల్లా గనుల నుంచి ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి, అక్కడి నుంచి జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన లైనది. తూర్పు కనుమల్లో 58 సొరంగాలను దాటుకుంటూ వస్తుంది. సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషన్ నుంచి మైదానానికి దిగాలి. ఖాళీ బండి ఎక్కుతుంది, నిండు బండి దిగుతుంది. ఆ లైన్లో పనిచేసిన ఏ డ్రైవర్‌నడిగినా కష్టం ఎక్కడంలో లేదని చెబుతారు. ''ఎక్కించడం ఇంజన్ పని. దించడం డ్రైవర్ పని'' అన్నది ఆయన మాట. అసిస్టెంట్లందరికీ అదే పాఠం చెప్పారు.

భార్య పోయి నాలుగేళ్లయింది. మర్రిపాలెం ఇంట్లో ఆయన ఒక్కరే. జ్యూరిక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న కూతురు మూడేళ్లుగా రమ్మంటోంది. ఈసారి వీసా, టిక్కెట్లు అన్నీ తనే చూసుకుని రప్పించుకుంది. వచ్చినప్పటి నుంచి ఒకటే మాట: ''ఇక్కడే ఉండిపోరాదూ నాన్నా.'' ఆయన అవుననలేదు, కాదనలేదు. తొమ్మిదేళ్ల మనవడికి తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం జర్మన్‌లో వస్తుంది. తాతా మనవలు రైలు బొమ్మల మీద సంభాషణ నడుపుతున్నారు. ఆ బొమ్మలు చూసే కూతురికి ఈ ప్రయాణం తట్టింది. తండ్రిని మనసు మార్చుకునేలా చేయగలిగేది ఏదైనా ఉంటే అది రైలే అయి ఉంటుందని ఆమె లెక్క.

కరెంటుతోనే పుట్టిన లైను

బెర్నీనా లైను పొడవు 61 కిలోమీటర్లు. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్ నుంచి ఇటలీలోని తిరానో దాకా. 1908లో ముక్కలుగా మొదలై 1910 జూలైలో మొత్తం పూర్తయింది. మీటర్ గేజ్. అన్నింటికన్నా ఎత్తైన స్టేషన్ ఒస్పిజియో బెర్నీనా, 2,253 మీటర్లు. మన డార్జిలింగ్ బొమ్మ రైలు ఎక్కే ఘుమ్ స్టేషన్ ఎత్తు 2,258 మీటర్లు. రెండింటికీ తేడా ఐదు మీటర్లే. కానీ ఘుమ్‌కు ఆవిరితో, డీజిల్‌తో వెళ్తారు. ఇక్కడ మొదటి రోజు నుంచీ కరెంటే.

దానికి కారణం ఉంది. స్విట్జర్లాండ్‌లో చెప్పుకోదగ్గ బొగ్గు గనులు లేవు. కొండల మీంచి దూకే నీళ్లున్నాయి. ఈ లైను దిగే లోయలోనే, బ్రూసియో దగ్గర, అప్పటికే జల విద్యుత్ కేంద్రం వెలిసింది. ఎక్కడి నీళ్లు అక్కడి రైలును లాగాయి. మంచు తొలగించే యంత్రానికి తప్ప ఇక్కడ ఆవిరితో పెద్దగా పనిపడలేదు.

ఆయనను ఆశ్చర్యపరిచిన అంకె వేరే. ఈ లైన్లో వాలు నూటికి ఏడు. అంటే వంద మీటర్లు నడిస్తే ఏడు మీటర్లు ఎక్కడమో దిగడమో. ఆయన దించిన ఘాట్‌లో అరవై మీటర్లకు ఒక మీటరు. ''దీనికి నాలుగు రెట్లన్నమాట'' అని ఆయన కాసేపు మాట్లాడలేదు. ఇంత వాలుంటే పట్టాల మధ్య పళ్ల చక్రం ఉండాలి కదా అన్నది ఆయన అనుమానం. మేట్టుపాళయం నుంచి ఊటీకి వెళ్లే నీలగిరి రైలుకు అలాగే ఉంటుంది. ఆ పళ్ల పట్టాను కనిపెట్టిన రోమన్ ఆప్ట్ స్విట్జర్లాండ్ ఇంజనీరే. దాని మీద నడిచే ఎక్స్ క్లాస్ ఆవిరి ఇంజన్లు తయారైంది కూడా ఇక్కడి వింటర్‌టూర్‌లోనే. 1920ల చివర బొంబాయి ఘాట్‌ల కోసం వచ్చి, అక్కడి సిబ్బంది నోట్లో 'ఖేక్డా' - అంటే పీత - అయిన కరెంటు ఇంజన్లలో మొదటివి కూడా ఆ ఊరివే. అలాంటి దేశం తన సొంత కొండ మీద పళ్ల పట్టా లేకుండా, కేవలం చక్రానికీ పట్టాకూ మధ్య ఉన్న రాపిడిని నమ్ముకుని రైలు నడుపుతోంది. వందేళ్లకు పైగా నడుపుతోంది.

ఆ రాపిడి విలువ ఆయనకు తెలిసినంతగా ఆ బోగీలో మరెవరికీ తెలియదు.

అల్లెగ్రా అంటే నమస్కారం

ఈ ఎర్ర రైలు పేరు అల్లెగ్రా. గ్రౌబ్యూండెన్ రాష్ట్రంలో కొద్దిమంది మాట్లాడే రొమాన్ష్ భాషలో అది పలకరింపు మాట. మనం నమస్కారం అన్నట్టు. స్టాడ్లర్ అనే స్విస్ కంపెనీ ఇలాంటివి 15 తయారుచేసింది. మొదటిది 2009లో వచ్చింది. 2010లో, లైనుకు నూరేళ్లు నిండిన ఏడాది, ప్రయాణికులకు అందుబాటులోకి వచ్చాయి. అంతకుముందు ఇక్కడ నడిచినవాటిలో కొన్ని లైను పుట్టిననాటి పెట్టెలను 1940లలో మార్చి కట్టినవి. మరికొన్ని 1960లవి. నూరేళ్ల మనిషి చేత బరువు మోయించినట్టే ఉండేది వాటి పని.

కొత్త రైలులో ప్రత్యేకత ఏమిటంటే, అది రెండు రకాల కరెంటు తింటుంది. రేషియన్ రైల్వే తక్కిన లైన్లలో 11 వేల వోల్టుల ఏసీ కరెంటు. బెర్నీనా ఒకప్పుడు వేరే కంపెనీది. 1943లో దీన్ని రేషియన్ రైల్వే కలుపుకుంది. కానీ కరెంటు కలవలేదు. ఇక్కడ ఇప్పటికీ వెయ్యి వోల్టుల డీసీయే. రెండూ పాంట్రెసీనా స్టేషన్‌లో కలుసుకుంటాయి. పూర్వం అక్కడ ఇంజన్ మార్చాల్సి వచ్చేది. అల్లెగ్రా రెండింటి కిందా నడుస్తుంది. డీసీ కింద దాని శక్తి 2,400 కిలోవాట్లు. ఆయన మనసులోనే దాన్ని హార్స్ పవర్‌లోకి మార్చుకున్నారు. సుమారు 3,200. తాను నడిపిన డబ్ల్యూఏజీ-5 ఇంజన్ 3,850. ''మాది నూట ఇరవై టన్నుల ఏనుగు. ఇది లోపల జనాన్ని కూర్చోబెట్టుకుని మరీ లాగుతోంది'' అన్నారు, కాస్త అసూయగా.

మొదటి అల్లెగ్రాకు విలెం యాన్ హోల్స్‌బూర్ పేరు పెట్టారు. కూతురు ఫోన్లో చదివి చెప్పింది. ఆయన డచ్చి దేశస్థుడు, కుర్రతనంలో ఓడల మీద పనిచేసినవాడు. జబ్బుపడ్డ భార్యను గాలి మార్పు కోసం 1867లో దావోస్‌కు తీసుకొచ్చాడు. ఆమె బతకలేదు. ఆయన మాత్రం వెనక్కి వెళ్లలేదు. ఆ కొండల్లోనే ఉండిపోయి, అక్కడికి రైలు వేయించాడు. ఈ రైల్వే అంతా అక్కడి నుంచే పెరిగింది. చదవడం పూర్తయ్యాక కూతురు తండ్రి ముఖంలోకి చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ''సముద్రం మీద పనిచేసినవాడు కొండ మీద ఉండిపోయాడా'' అని మాత్రం అన్నారు.

దావోస్ పేరు తెలుగువారికి కొత్తేమీ కాదు. ఏటా ముఖ్యమంత్రులు, మంత్రులు పెట్టుబడుల కోసం అక్కడికి వెళ్తుంటారు. 2022 మేలో అక్కడే, ఈ రైళ్లు తయారుచేసే స్టాడ్లర్, హైదరాబాద్‌కు చెందిన మేధా సర్వో డ్రైవ్స్ కలిసి పెట్టే ఉమ్మడి సంస్థకూ తెలంగాణ ప్రభుత్వానికీ అవగాహన కుదిరింది. ఆ సంగతి కూతురు చెబితే ఆయన తలూపారు. 1990లలో ఏబీబీ సంస్థ నుంచి మూడు ఫేజుల మోటార్లున్న ఇంజన్లు మన దేశానికి వచ్చినప్పుడు కూడా డ్రైవర్ల లాబీల్లో స్విట్జర్లాండ్ పేరు ఇలాగే వినబడింది. ఇవాళ మన గూడ్సు బళ్లలో పెద్ద భాగాన్ని లాగుతున్న డబ్ల్యూఏజీ-9కి మూలం అదే.

కిటికీ తెరిస్తే

వాళ్లు అద్దాల పైకప్పున్న బెర్నీనా ఎక్స్‌ప్రెస్ ఎక్కలేదు. మామూలు రైలెక్కారు. ముందు అల్లెగ్రా, వెనక పాత బోగీలు, అన్నింటికన్నా వెనక రెండు గూడ్సు వ్యాగన్లు. అద్దాల పెట్టె మనకూ ఉంది. 2017 నుంచి విశాఖ-అరకు బండికి విస్టాడోమ్ తగిలిస్తున్నారు. ఆయనకది నచ్చదు. ''కిటికీ తెరవకపోతే బండి మాట ఏం వినబడుతుంది?'' ఈ పాత బోగీలో కిటికీ అద్దం కిందికి దిగుతుంది. ఆయన ఎడమ చెవిని బయటికి పెట్టి కూర్చున్నారు.

మోర్టెరాట్ష్ దగ్గర మలుపు తిరిగేసరికి పైన హిమానీనదం కనబడింది. అక్టోబరు కావడంతో వాలుల మీద లార్చ్ చెట్లు పసుపు రాసుకున్నట్టున్నాయి. చెట్లు పలచబడి, గడ్డి మిగిలి, చివరికి అదీ పోయి రాయి మాత్రం మిగిలింది. ఒస్పిజియో బెర్నీనాలో బండి ఆగింది. పక్కన లాగో బియాంకో. ఇటలీ భాషలో తెల్ల చెరువు. దీని నీళ్లు దక్షిణానికి దిగి పో నదిలో కలిసి ఏడ్రియాటిక్ సముద్రానికి చేరతాయి. కొద్ది దూరంలోనే ఉన్న నల్ల చెరువు నీళ్లు ఉత్తరానికి వెళ్లి, డాన్యూబ్‌లో కలిసి నల్ల సముద్రం చేరతాయి. ఒకే కొండ మీద కురిసిన వాన. ఇటు పడ్డ చుక్కకూ అటు పడ్డ చుక్కకూ మళ్లీ కలిసే వీల్లేదు.

అక్కడి నుంచి దిగుడు. నలభై కిలోమీటర్ల లోపు దూరంలో 1,800 మీటర్లకు పైగా దిగాలి. బండి కదలగానే ఆయన కుడిచెయ్యి ముందు సీటు వెనక రేకును పట్టుకుంది. తెలియకుండానే వేళ్లు బిగుసుకున్నాయి. ఆల్ప్ గ్రూమ్ దాటి, లోయ ఒక్కసారిగా కింద తెరుచుకునే మలుపు దగ్గర కూతురు ఆ చేతిని చూసింది.

''భయమేస్తోందా నాన్నా?''

''లేదమ్మా. వింటున్నా.''

కాసేపాగి, ఎవరో అడిగినట్టు, ఆయన చెప్పడం మొదలుపెట్టారు. ముప్పై ఏళ్లుగా ఇంట్లో చెప్పని సంగతి.

1991, వానాకాలం. నాలుగు వేల టన్నులకు పైగా ఖనిజంతో శిమిలిగుడ నుంచి దిగుతున్నారు. రాత్రి. జోరుగా వాన. పట్టాల మీద తడి, రాలిన ఆకుల జిగురు. దిగుడు మొదలయ్యేచోట ఇంజన్ల బ్రేకు ఎక్కడ వేయాలో చేతికి అలవాటే. ఆ రాత్రి ఎందుకో కొన్ని క్షణాలు ఆలస్యమైంది. ఆలస్యం తనదే. ఎవరినీ అనడానికి లేదు. వేసేసరికి చక్రాలు పట్టలేదు, జారాయి. వేగం చూపే ముల్లు దాటకూడని గీత దాటింది. ఇసుక వదిలారు. వాన కడిగేసింది. గాలి బ్రేకు పూర్తిగా వేశారు. అది ఒక్కసారి ఖర్చుపెట్టే డబ్బులాంటిది. వదిలి మళ్లీ వేయాలంటే గాలి నిండటానికి సమయం కావాలి. ఆ సమయం లేదు. పక్కన అసిస్టెంట్ కుర్రాడికి ఇరవై నాలుగేళ్లు. నెల కిందటే పెళ్లయింది. ''గురువుగారూ'' అని ఒక్కసారి అని, ఇంక మాట్లాడలేదు.

''అప్పుడు సొరంగం వచ్చింది'' అన్నారు ఆయన. ''సొరంగంలో వాన పడదు కదా తల్లీ. పట్టా పొడిగా ఉంది. చక్రం పట్టింది. ఆ పట్టిన చప్పుడు ఇప్పటికీ వినబడుతుంది. ఈ చెవితో కాదు.''

బండి అదుపులోకి వచ్చింది. తర్వాతి స్టేషన్‌లో ఆపారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఒక్క వ్యాగన్ పట్టా తప్పలేదు. మర్నాడు జరిగింది జరిగినట్టు తనే రాసిచ్చారు. మందలింపుతో సరిపోయింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా మళ్లీ అలాంటిది జరగలేదు. కానీ ఇంట్లో చెప్పలేదు. చెబితే భార్య ఆ లైనుకు పంపదు. పంపకపోతే ఏం చేయాలో ఆయనకు తెలియదు.

కూతురికి అప్పుడు ఏడేళ్లు. ఆమెకు గుర్తున్నది వేరే. ఒక వానాకాలం నుంచి నాన్న డ్యూటీకి బయల్దేరే ముందు తన తల మీద అరచెయ్యి మోపి ఒక నిమిషం నిలబడేవాడు. అర్ధరాత్రి బయల్దేరినా నిద్రలో ఆ బరువు తెలిసేది. ముద్దు చేస్తున్నాడనుకునేది. కాస్త పెద్దయ్యాక జడ చెదిరిపోతుందని విసుక్కునేది. ''అందుకా?'' అంది. ఆయన జవాబు చెప్పలేదు. మనవడు తల్లి ముఖం, తాత ముఖం మార్చి మార్చి చూశాడు.

కిందికి పోయే బరువు

అల్లెగ్రా దిగుతున్నప్పుడు మోటార్ల చప్పుడు మారుతుంది. అది ఆయన ముందే పసిగట్టారు. లాగే మోటారు దిగుడులో జనరేటర్ అవుతుంది. బరువు కిందికి లాగుతుంటే చక్రాలు మోటారును తిప్పుతాయి. అలా పుట్టిన కరెంటు పైనున్న తీగలోకి వెళ్తుంది. దగ్గర్లో మరో బండి ఎక్కుతుంటే అది దాన్ని వాడుకుంటుంది. ఎవరూ లేకపోతే రెసిస్టర్లలో వేడిగా పోతుంది. ఆయన నడిపిన ఇంజన్లలో ఈ రెండోదే ఉండేది. ఘాట్ మొత్తం దిగేసరికి ఎంత శక్తి పుట్టినా, అదంతా ఇంజన్ మీంచి వేడిగాలిగా అడవిలోకి పోయేది. ''ఎన్ని వేల టన్నులు దింపానో. అంతా గాలికి పోయింది'' అన్నారు నవ్వుతూ. ''ఇక్కడైతే అవతల ఎవడో దాంతో ఎక్కేవాడు.''

మోటార్ల బ్రేకు ఒక్కటే చాలదని కూడా తెలుసు. పట్టాకు అతుక్కుని పట్టే అయస్కాంత బ్రేకులు ఈ బండికున్నాయి. తడి పట్టాకు, ఆకుల జిగురుకు జవాబు అవి. వాటి గురించి కూతురు చదివి చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మౌనంగా ఉన్నారు.

పోస్కియావో దగ్గర లోయ విశాలమైంది. స్టేషన్ పేర్లు ఇటలీ భాషలోకి మారాయి. దేశం మాత్రం ఇంకా స్విట్జర్లాండే. బ్రూసియో దగ్గర రైలు తొమ్మిది కమానుల రాతి వంతెన మీద గుండ్రంగా తిరిగి, తను వచ్చిన దారి కిందినుంచే బయటికొచ్చింది. ఎత్తు తగ్గించుకోవడానికి చోటు లేకపోతే చేసే ఉపాయమిది. డార్జిలింగ్ దారిలో 1919లో కట్టిన బతాసియా లూప్‌దీ ఇదే సూత్రం. యునెస్కో 2008లో ఈ లైన్లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన కల్కా-సిమ్లా లైనుకూ ఆ గౌరవం దక్కింది అదే ఏడాది. కానీ వారసత్వమంటే ఇక్కడ పాత పెట్టెలను అద్దాల బీరువాలో పెట్టడం కాదు. వంతెన పాతది, దారి పాతది, దాని మీద నడిచేది కొత్తది. రెండు పాత పసుపు పెట్టెలను ముచ్చట కోసం దాచుకున్నారు. రోజువారీ పాల క్యాన్లకు, బడిపిల్లలకు, కట్టెల వ్యాగన్లకు ఎర్ర బండి వచ్చింది. ఇదే రైల్వే తక్కిన లైన్ల కోసం తర్వాత కాప్రికార్న్ అనే మరో రకం రైళ్లు 56 కొన్నది. 2022 అక్టోబరు 29న వాటిలో 25 రైళ్లను ఒకదానికొకటి తగిలించి, వంద పెట్టెల బండిని ఆల్బులా లైన్లో కిందికి దించారు. పొడవు సుమారు 1,900 మీటర్లు. ప్రపంచ రికార్డు. గమనించాల్సింది ఏమిటంటే, వాళ్లూ దింపే చూపించారు. ఎక్కించి కాదు.

గేటు లేని సరిహద్దు

కాంపోకొలోన్యో స్విట్జర్లాండ్‌లో చివరి స్టేషన్. ఆయన చొక్కా జేబులోంచి పాస్‌పోర్టు తీసి చేతిలో పట్టుకున్నారు. వీసా పేజీ దగ్గర వేలుపెట్టి ఉంచారు. బండి ఆగింది, కదిలింది. ఎవరూ రాలేదు. రెండు నిమిషాల్లో ఇటలీ. 2008 డిసెంబరులో స్విట్జర్లాండ్ షెంగెన్‌లో చేరాక ఈ సరిహద్దులో పాస్‌పోర్టు అడగడం మామూలుగా ఉండదు. పాస్‌పోర్టు తిరిగి జేబులో పెట్టుకుంటూ ఆయన ''ఇంతేనా?'' అన్నారు. ఆ గొంతులో ఆశ్చర్యం కన్నా నిరాశే ఎక్కువుంది.

ఆ నిరాశ అర్థం చేసుకోదగ్గదే. మన వైపు సరిహద్దు దాటే రైళ్ల చరిత్ర వేరు. అట్టారీ-లాహోర్ సంఝౌతా 1976లో మొదలై, ఎన్నోసార్లు ఆగి, నడిచి, 2019 ఆగస్టులో ఆగిపోయింది. కోల్‌కతా-ఢాకా మైత్రీ 2008లో మొదలైంది, 2024 జూలైలో నిలిచిపోయింది. ఉపఖండంలో అలాంటి రైలుకు ముందుగా ఆగేది ఇంజన్ కాదు, నమ్మకం. 2022లో బీహార్‌లోని జయనగర్ నుంచి నేపాల్‌లోని కుర్తాకు రైలు మళ్లీ మొదలవడం అందుకే చిన్న వార్తయినా మంచి వార్త. పట్టాలు వేయడం మనకు చేతకానిది కాదు. బెర్నీనా కన్నా కష్టమైన కొండల్లో వేశాం.

తిరానోలో బండి ఊరి మధ్యలోంచి వెళ్తుంది. పెద్ద చర్చి ముందున్న కూడలిలో, కార్ల పక్కనుంచి, ట్రామ్‌లా. కాఫీ తాగుతున్నవాళ్లు తలెత్తి కూడా చూడలేదు. మనవడు చప్పట్లు కొట్టాడు. స్టేషన్‌లో దిగగానే ఆయన మళ్లీ బండి ముక్కు దగ్గరికి నడిచారు. క్యాబ్ దిగుతున్నది ముప్పై ఏళ్లు దాటని అమ్మాయి. ఆయన ఫోన్లో ఒక పాత ఫొటో తీసి చూపించారు. ఇంజన్ తలుపు దగ్గర, చేతిలో పచ్చజెండాతో, నల్లటి జుట్టుతో తను. కూతురు జర్మన్‌లో చెప్పింది. ఆ అమ్మాయి ఎంత లోడు అని అడిగింది. నాలుగు వేల టన్నులు అంటే, తప్పు విన్నాననుకుని మళ్లీ అడిగింది. రెండోసారీ అదే జవాబొచ్చాక, క్యాబ్ తలుపు తెరిచి పట్టుకుని లోపల చూడమన్నట్టు పక్కకు జరిగింది.

తెరలు, బటన్లు, చిన్న హ్యాండిల్. ఆయన కళ్లు ఒక్కచోట ఆగాయి. ''వాక్యూమ్!'' అన్నారు గట్టిగా. మన దగ్గర గాలి బ్రేకు వచ్చి వాక్యూమ్ బ్రేకు వెనక్కి తగ్గి చాలాకాలమైంది. ఇక్కడ పెట్టెలకు ఇప్పటికీ అదే. ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు మొట్టమొదట నేర్చుకున్న బ్రేకది. ఇంత కొత్త బండిలో తనకు తెలిసినదొకటి ఉన్నందుకు ఆయన ముఖం వెలిగింది. ఆ అమ్మాయికి మాట అర్థమైంది. ఆ ఒక్క మాటకు ఇద్దరికీ అనువాదం అక్కర్లేకపోయింది.

తిరుగు ప్రయాణంలో ఎదురుగా దిగే బండి కోసం దారిలో కాసేపు ఆగారు. వెలుతురు పోతోంది. ''మీరు ఎక్కడానికి కొంచెం కరెంటు అది పంపిస్తుంది'' అని ఆయన మనవడికి చెప్పారు. వాడు వెంటనే తీగ కేసి చూశాడు. ఏమీ కనబడలేదు. ఎదురు బండి పక్కనుంచి వెళ్తుంటే ఆయన చెయ్యి అలవాటుగా కిటికీలోంచి పైకి లేచింది. అంతా సరిగ్గా ఉందని ఎదురుబండికి చెప్పే సైగ. అవతలి డ్రైవర్ చెయ్యి ఎత్తాడు.

''ఉండిపోతావా నాన్నా?'' కూతురు మళ్లీ అడిగింది.

''ఇల్లుంది కదమ్మా అక్కడ. మీ అమ్మ వేసిన జామచెట్టు ఉంది. ఏడాదికోసారి వస్తా. చలి తగ్గాక'' అన్నారు. మొదటిసారి ఆయన ఒక జవాబు చెప్పారు. అది ఆమె కోరిన జవాబు కాదు. కానీ ఇన్నాళ్లూ ఉన్న మౌనం కన్నా మేలు. ఆమె వాదించలేదు.

మూడు వారాల తర్వాత జ్యూరిక్ విమానాశ్రయంలో సెక్యూరిటీ గేటు ముందు ఆయన సంచీ భుజానికి తగిలించుకున్నారు. జాగ్రత్తలు చెప్పడం అయిపోయింది. మందుల చీటీ జేబులో ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నారు. కదలబోతుంటే కూతురు ఆపింది. ఆయన కుడిచెయ్యి పట్టుకుని, ఎత్తి, తన తల మీద పెట్టుకుంది. వెనక క్యూ ఉంది. ఆయన ఒక నిమిషం అలాగే నిలబడ్డారు.